రెండో పుట్టుమచ్చ

జూన్ 2, ఆదివారం

మా ఆవిణ్ణి ఆసుపత్రి నుంచి ఇంటికి తీసుకొచ్చేశాం. హాల్లో కిటికీ పక్కన మంచం వేయించాను. ఈవిడ అక్కగారు, అంటే మా వదిన, రెండు సంచులతో దిగి వంటిల్లు స్వాధీనం చేసుకుంది. ఇక ఈ ఇంట్లో ఉప్పు డబ్బా ఎక్కడుందో నేనే ఆవిడని అడగాలి.

డాక్టరు చెప్పింది ఇదీ. కుడి చెయ్యి, కుడి కాలు కొంతవరకు దారికొస్తాయి. మొహం కుడిపక్క జారిపోయింది, అది ఎంతవరకు సర్దుకుంటుందో చెప్పలేం. మాట సంగతి అసలే చెప్పలేం. ప్రస్తుతానికి ఈవిడ నోట ఒకే ఒక్క మాట వస్తోంది. "పద." ఆకలేసినా పద, కోపమొచ్చినా పద, దిండు సర్దమన్నా పదే. ఇన్నేళ్లూ చర్చి క్వయర్‌ని నడిపించిన మనిషి, అక్కడ అందరికీ టీచరమ్మ. పాట ఎత్తుకునే ముందు అందరినీ "పద, పద" అని తొందరపెట్టేది. ఆ పాడు పక్షవాతం ఆ ఒక్కమాటా వదిలేసి తక్కినవన్నీ ఊడ్చుకుపోయింది.

ఈ డైరీ ఆల్బమ్‌లు చేసే కంపెనీవాళ్లు ఎప్పుడో ఇచ్చారు. షాపులో ఖాళీగా పడుంది. రాయడం నా పని కాదు, ఫోటోలు తియ్యడం నా పని. కానీ రోజూ ఇంటికి రాగానే షాపు కబుర్లన్నీ ఈవిడ చెవిన వేస్తే గాని నాకు అన్నం సహించేది కాదు. ఇప్పుడెవరికి చెప్పుకోను? వదిన ఉంది గాని, ఆవిడకు చెప్పడమే తప్ప వినడం అలవాటు లేదు.

జూన్ 4, మంగళవారం

సాయంత్రం ప్రార్థన వేళకి ముగ్గురం ఒకరి మొహాలొకరు చూసుకున్నాం. ఆ పని ఎప్పుడూ ఈవిడదే. నా వాటా కూడా కలిపి తనే చేసేసేది. నేను పక్కన కూర్చుని ఆమెన్ దగ్గర అందుకునేవాణ్ణి. చర్చిలోనూ అంతే. అందరూ మోకరిస్తే నేను కెమెరా పట్టుకుని గోడవారగా తిరిగేవాణ్ణి. ఫోటోగ్రాఫరు కూడా మోకరిస్తే ఫోటోలెవరు తీస్తారు?

"ఏమయ్యా మరిదీ, నువ్వు చెయ్యి ప్రార్థన," అంది వదిన.

కళ్లు మూసుకున్నాను. "ప్రభువా" అన్నాను. ఆ తర్వాత ఏమనాలో తట్టలేదు. అంతలో కుక్కర్ కూత పెట్టింది. వదినే ఆమెన్ అనేసి లోపలికెళ్లిపోయింది.

జూన్ 5

తేల్చేసుకున్నాను. మాటలు నాకు చేతకావు. రోజుకో ఫోటో తీస్తాను, ఇంట్లోనే. అదే నా ప్రార్థన. ప్రభువా, నచ్చితే తీసుకో, నచ్చకపోతే నీ ఇష్టం. నేను మాత్రం మానను.

ఇవాళ్టిది: మంచినీళ్ల గ్లాసు. మీద ఎండ పడుతోంది.

జూన్ 6

నడకకి ఆసుపత్రివాళ్లిచ్చిన స్టాండు.

జూన్ 7

ఈవిడ చెప్పులు. వదిన వాటిని కడిగి మంచం కింద వరసగా పెట్టింది, రేపో మాపో తొడుక్కుని వెళ్లేట్టు.

జూన్ 9, ఆదివారం

చర్చికి వెళ్లలేదు. ఫోటో: దిండు మీద ఈవిడ తల పెట్టిన చోట పడ్డ గుంట.

ఒక సంగతి తెలిసొచ్చింది. షాపులో నా వరస వేరు. గడ్డం పైకి, భుజం కిందికి, నవ్వండి, అయిపోయింది, తర్వాతెవరు? ఇక్కడ గ్లాసుని నవ్వమనలేం కదా. అది ఎలా ఉందో అలా ఉంటుంది. నేనే దాని ముందు కూర్చుని, అది కనబడేదాకా ఊరికే ఉండాలి. అలా ఉండగా ఉండగా లోపల రొద కాస్త తగ్గుతుంది. దీన్ని ప్రార్థన అనొచ్చో లేదో పాస్టరుగారిని అడగాలి. వద్దులే, అడగను. కాదంటే ఏం చేసుకోను?

ఈవిడ మాత్రం నాకు మొహం చూపించడం లేదు. నేను వెళ్లి కూర్చోగానే కిటికీ వైపు తిప్పేసుకుంటోంది.

జూన్ 12, బుధవారం

కసరత్తులు చేయించడానికి ఓ అమ్మాయి వస్తోంది. పని తెలిసిన పిల్లే, నోరే కొంచెం ఎక్కువ.

"అంకుల్, మీ కుర్చీ ఎప్పుడూ ఎడంపక్కే వేస్తారెందుకు? కుడిపక్కన కూర్చుని మాట్లాడండి. అప్పుడే ఆంటీ ధ్యాస అటు మళ్లుతుంది."

"ఇటైతే యాంగిల్ బాగుంటుందమ్మా," అన్నాను. నవ్వుతుందనుకున్నాను.

నవ్వలేదు. "ఎవరికి బాగుంటుంది అంకుల్?" అంది. పోతూ పోతూ ఇంకో మాట కూడా అంటించింది. "ఆంటీతో మాట్లాడేటప్పుడు మీరు టీవీ వైపు చూస్తారు. అది ఆన్ కూడా చేసి ఉండదు."

కుర్చీ ఎడంపక్కే ఉంచాను. కుడిపక్క కూర్చుంటే కిటికీ వెలుతురు సూటిగా కళ్లల్లో కొడుతుంది. అదొక్కటే కారణం.

ఫోటో: చీపురు.

జూన్ 14

వదిన నా కెమెరా తీసుకుని ఒక్కొక్క ఫోటో తిప్పి చూసింది. "గ్లాసు తీశావు, చెప్పులు తీశావు, ఆఖరికి చీపురు కూడా తీశావు. నా చెల్లెలు నీ కంటికి ఆనలేదా?"

"తనకిష్టం ఉండదు వదినా."

"అడిగావా?"

కెమెరా తీసుకుని సంచిలో పెట్టేశాను.

జూన్ 15, శనివారం

అడిగాను. "పద" అంది. ఒప్పుకుందనే అనుకున్నాను. తిన్నగా ఎదురుగా నిలబడి ఒకటి తీసి షాపుకి పట్టుకెళ్లిపోయాను.

కంప్యూటర్ తెర మీద పెద్దది చేసి చూసేసరికి అక్కడ కూర్చోలేకపోయాను. లేచి టీ తాగొచ్చాను. అప్పుడు తట్టింది, నేనెవణ్ణి? రీటచ్‌లో నన్ను మించినవాడు ఈ చుట్టుపక్కల లేడు. మెల్లకన్ను తిన్నగా చేస్తాను, ఊడిన పన్ను మొలిపిస్తాను, పాస్‌పోర్టు ఫోటోలో నిద్రమొహాన్ని కూడా లేపి కూర్చోబెడతాను. ఇంతమందికి చేసినవాణ్ణి, ఇంట్లో మనిషికి చెయ్యలేనా?

బాగున్న ఎడమ సగం కాపీ చేశాను. అద్దంలోలా తిప్పి కుడి సగం మీద కూర్చోబెట్టాను. అతుకు తెలియకుండా మెత్తగా కలిపాను. అబ్బ! మా ఆవిడే! పాట ఎత్తుకోబోతున్నట్టు తిన్నగా, నిండుగా నా వంక చూస్తోంది. ప్రింటు తీసి, కస్టమర్లకు కూడా వెయ్యని మంచి ఫ్రేము కట్టాను. ఇంత సంతోషం ఈ మధ్య ఎరగను. ప్రభువా, ఇవాళ్టి ప్రార్థన ఫ్రేముతో సహా అందుకో.

రేపు చూపిస్తాను.

జూన్ 16, ఆదివారం

చూపించాను.

జూన్ 17

నిన్న రాయబుద్ధి కాలేదు. ఇవాళా కావడం లేదు, అయినా రాస్తాను.

ముందు సంతోషంగానే అందుకుంది. చాలాసేపు చూసింది. తర్వాత బాగున్న చేతి వేలు తన ఎడమ బుగ్గ మీద పెట్టుకుంది. అక్కడ ఆవిడకో పుట్టుమచ్చ ఉంది. ఆ వేలే ఫోటోలో అదే మచ్చ మీద పెట్టింది. అక్కణ్ణించి మెల్లగా పక్కకి జరిపింది. రెండో బుగ్గ మీద, సరిగ్గా అదే చోట, ఇంకో మచ్చ.

సగం తిప్పి అతికిస్తే మచ్చ కూడా వస్తుందని పనిలో కొత్తగా చేరినవాడికి కూడా తెలుస్తుంది. నాకు కనబడనే లేదు. జారిన సగం పోయిందన్న ఆనందంలో ఉన్నాను మరి.

ఆ రెండో మచ్చ మీద వేలుంచి నా వంక చూసింది. ఎవరిది అని అడుగుతోంది. మాట లేకపోయినా ఆ మాత్రం తెలుస్తుంది. నేనేమన్నానో తెలుసా? "దాన్ని చెరిపేస్తాలే, ఎంతసేపు!" అన్నాను. నేనన్నది మచ్చ గురించి. ఒట్టు, మచ్చ గురించే. ఆవిడకి ఎలా వినబడిందో.

ఫ్రేముని బోర్లించేసి దుప్పటి మొహం మీదికి లాక్కుంది. "పద" అంది దుప్పట్లోంచి. ఈసారి అది పొమ్మనే.

వదిన కంచం తెచ్చి నా ముందు ఠపీమని పెట్టింది. "ఇదిగో, ఆ ఫోటోలో ఉన్నావిడకి తినిపించుకో," అంది.

జూన్ 18

ఫోటో లేదు.

జూన్ 19

లేదు. మానను అని పైన నేనే రాశాను. కనబడుతూనే ఉంది.

జూన్ 20, గురువారం

పాస్టరుగారు వచ్చారు. నాకంటే చాలా చిన్నవాడు, నెమ్మదస్తుడు. మంచం పక్కన కూర్చుని వాక్యం చదివారు. తిరిగి లేచిన ప్రభువు తలుపులు మూసుకున్న గదిలోకి రావడం, నమ్మని శిష్యుడికి మేకులు దిగిన చేతులు చూపించడం, పక్కలో గాయం ముట్టుకోమనడం. ఈవిడ దుప్పటి దించి విన్నది. నేను గుమ్మం దగ్గర నిలబడి విన్నాను, అలవాటు ప్రకారం.

వెళ్లేటప్పుడు నన్ను బయటికి పిలిచారు. "నెలాఖరున వార్షికోత్సవం కదా బ్రదర్. క్వయర్ ఫోటో ఎప్పటిలాగే మీరే తియ్యాలి. టీచరమ్మగారి కుర్చీ ఖాళీగా ఉంటే సంఘం తట్టుకోలేదు. నిరుటి ఫోటోలోంచి ఆవిణ్ణి ఇందులో అతికించగలరా? మీరు చేస్తే ఎవరికీ తెలీదు."

"అదెంత పని పాస్టరుగారూ," అనేశాను. ఈ నోరొకటి. గ్రూపు ఫోటోకి రాలేకపోయినవాళ్లని ఎంతమందిని అతికించలేదు నేను! దూరాన ఉన్న అల్లుళ్లని, అలిగి రాని బాబాయిలని తెచ్చి వెనక వరసలో నిలబెట్టాను. కాకపోతే క్వయర్ ఫోటో మాత్రం మా మామగారి పాత ఫిల్మ్ కెమెరాతోనే తియ్యాలని ఈవిడ పెట్టిన నియమం. "అందులో అయితే నీ చేతివాటం సాగదు" అనేది. ఫర్వాలేదు, ప్రింటుని స్కాన్ చేసి అతికిస్తే సరి.

అలా అనుకుని షాపుకెళ్లాను. నిరుటి ఫోటో తెరిచాను. మౌస్ పట్టుకున్నాను. చెయ్యి సాగలేదు. పొద్దున విన్న ముక్కే బుర్రలో తిరుగుతోంది.

చావునే గెలిచి లేచినవాడికి ఆ మేకుల గాయాలు మాన్పుకోవడం ఎంత పని? శుభ్రమైన చేతులతో రావచ్చు కదా. నేనే గనక ఆ ఫోటో తీసుంటే మొట్టమొదట అవే చెరిపేసేవాణ్ణి. ఆయన ఉంచుకున్నాడు. ఉంచుకుని, చూపించాడు. చూస్తేనే గాని నమ్మనన్నవాడి మీద కోప్పడలేదు, దగ్గరికి రా, చూడు అన్నాడు. వాడూ చూశాడు. నేను మాత్రం మంచి సగం మాత్రమే చూస్తూ, ఆవిడ మొహం చూపించడం లేదని ఈ డైరీలో రాసుకుంటున్నాను.

తిప్పుకున్నది ఆవిడ కాదు. నేను.

నిరుటి ఫోటో మూసేశాను.

జూన్ 21, శుక్రవారం

కుర్చీ కుడిపక్కకి మార్చాను. కిటికీ వెలుతురు కళ్లల్లో పడలేదు. కిటికీ నా వీపు వెనక ఉంది. ఇన్నాళ్లూ నాకు నేనే చెప్పుకున్న అబద్ధం ఎంత చవకబారుదో.

చూశాను. కన్ను కింద రెప్ప కొంచెం వేలాడుతోంది. బుగ్గ బరువుగా దిగింది. పెదవి మూల తడిగా ఉంది, తుడుచుకున్నా మళ్లీ తడుస్తోంది. ఆ సగం నవ్వదు, ఏడవదు. కానీ ఆ కంట్లో ఉన్నది ఆవిడే. నిండుగా, పూర్తిగా ఆవిడే. భయమేసింది, ఆ తర్వాత సిగ్గేసింది, ఆ తర్వాత ఏడుపొచ్చింది. తల దించేసుకున్నాను.

అప్పుడు ఈవిడ ఎడమ చెయ్యి చాపి నా గడ్డం కింద రెండు వేళ్లు పెట్టి పైకి లేపింది. షాపులో నేను కస్టమర్లకి చేసినట్టే. గడ్డం పైకి!

ఇద్దరికీ నవ్వొచ్చింది. ఆవిడ నవ్వు ఒకవైపుకే వచ్చింది. వస్తే వచ్చింది, నవ్వు నవ్వే.

జూన్ 22, శనివారం

కిటికీ వెలుతురులో, కుడిపక్క నుంచి, ఒక ఫోటో. దేన్నీ ముట్టుకోలేదు. ప్రింటు తెచ్చి చేతికిచ్చి పక్కనే కూర్చున్నాను.

పెదవి మూల వేలు పెట్టి చూసింది. తన పెదవి తడుముకుంది. మళ్లీ ఫోటో చూసింది. తర్వాత దాన్ని కిటికీ గట్టు మీద, వచ్చినవాళ్లందరికీ కనబడేట్టు నిలబెట్టింది.

ఇదే అదను అని పాస్టరుగారి అతికింపు ఆలోచన, నేను ఒప్పుకోవడం, అన్నీ చెప్పేశాను. దిండు తీసుకుని నన్ను కొట్టింది. ఎడమ చెయ్యే అయినా గట్టిగానే తగిలింది. ఆనక బీరువా వైపు వేలు చూపించింది. క్వయర్ బట్టలుండే అర. "పద," అంది. "పద, పద!"

వదిన వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. "మీ ఇద్దరికీ మతి పోయిందా? ఇంకా సరిగ్గా కూర్చోలేని మనిషి! పైగా ఈ అవతారంలో అందరూ చూస్తారు దాన్ని."

"చూడ్డానికే కదా వదినా ఫోటో."

వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెళ్లిపోయింది. కాసేపటికి ఆ బట్టలు తనే ఇస్త్రీ చెయ్యడం కనబడింది.

జూన్ 24

కుర్చీలో కూర్చోవడం సాధన. కుడిపక్కకి ఒరిగిపోతోంది. కసరత్తుల అమ్మాయి నడుం పక్కన దుప్పటి మడిచి ఆనించింది. నా కుర్చీ ఎక్కడుందో చూసింది. ఆ ముసిముసి నవ్వు నాకు కనబడింది.

జూన్ 26

పాస్టరుగారికి ఫోన్ చేశాను.

"అతికించనండీ. మనిషే వస్తుంది."

"చర్చి మెట్లు ఉన్నాయి కదా బ్రదర్?"

"మోస్తాను."

"అయితే నడుము జాగ్రత్త," అన్నారు.

జూన్ 28

మళ్లీ ఒరిగింది. మళ్లీ కూర్చుంది. ఇవాళ మధ్యాహ్నం వదిన విసిగిపోయింది గాని ఈవిడ విసగలేదు. ఫోటో: కుర్చీ చెయ్యిని పట్టుకున్న ఎడమ చెయ్యి.

జూన్ 30, ఆదివారం

ముందు మెట్ల సంగతి. మోశాను. నడుము పోయింది. పోతే పోయింది.

లోపలికి తీసుకెళ్లగానే కొందరు చూశారు, కొందరు చూపు తిప్పుకున్నారు. తిప్పుకున్నవాళ్ల మీద నాకు కోపం రాలేదు. నాకే ఇన్నాళ్లు పట్టింది.

ఆరాధన అయ్యాక క్వయర్‌ని వరసల్లో నిలబెట్టి, ముందు వరసలో ఆవిడ స్థానంలో ఆవిడ కుర్చీ వేశాను. అంతా సర్దుకున్నాక కరెంటు పోయింది. బయట మబ్బు. నేను తెచ్చిన పెద్ద లైట్లు పనికిరాకుండా పోయాయి. ఫిల్మ్ చూస్తే చీకటికి పనికొచ్చే రకం కాదు. ఇక ఒకటే దారి, షట్టర్ చాలాసేపు తెరిచి ఉంచాలి, అంతసేపూ ఎవరూ కదలకూడదు.

"ఊపిరి బిగబట్టండి! ఎవరు కదిలినా మొహం చెదిరిపోతుంది!" అని అరిచాను.

ఎక్కడ? ఒకావిడ ముక్కు ఎగబీలుస్తోంది. ఇంకొకాయన వంగి వంగి ఈవిణ్ణి చూస్తున్నాడు. వెనక వరసలో ఇద్దరు ఏడుస్తున్నారు. నాకు చిర్రెత్తుకొచ్చింది. ఇంత పట్టుదలగా మనిషిని తీసుకొస్తే వీళ్లు ఫోటో కూడా దక్కనివ్వరా?

ఆవిడ మొహం ఎత్తుకి కెమెరా స్టాండు దించాను. ఆ ఎత్తులో కెమెరాలోకి చూడాలంటే మోకాళ్ల మీద కూర్చోక తప్పలేదు. చర్చిలో నేను మోకరించడం అదే మొదటిసారి. కన్ను ఆనించాను. కెమెరాలో ఆవిడ తిన్నగా నన్నే చూస్తోంది, నిమ్మళంగా, బెరుకు లేకుండా. ఎడమ చెయ్యి మెల్లగా లేచింది. కుర్చీ చెయ్యి మీద తాళం వెయ్యడం మొదలుపెట్టింది.

"పద," అంది.

అలవాటైన ప్రాణాలు కదా. అందరూ ఒక్కసారిగా పాట ఎత్తుకున్నారు.

పాడుతుండగా ఫోటో తీస్తే మొహాలు పాడవుతాయని ఇన్నేళ్లూ నోళ్లు మూయించినవాణ్ణి. ఇవాళ పాడనిచ్చాను. షట్టర్ తెరిచాను. చరణం అయ్యేదాకా అలాగే వదిలేశాను. ఎంతసేపో తెలీదు. "ప్రభువా" అన్నాను. ఆ తర్వాతి మాట కోసం వెతుక్కోలేదు. చూస్తూ కూర్చున్నాను, అంతే. ఆయన కూడా అలాగే చూస్తున్నట్టు అనిపించింది, ఆవిణ్ణీ, ఆ తర్వాత నన్నూ.

జూలై 1, సోమవారం

ఫిల్మ్ కడిగాను. ప్రింటు వేశాను.

అందరి మొహాలూ చెదిరిపోయాయి. నోళ్లు, కళ్లు, కన్నీళ్లు, ఎవరు ఎవరో పోల్చుకోలేం. వరసలన్నీ పాటతో కలిసి ఊగిపోయాయి. మధ్యలో ఒక్క మొహం మాత్రం వెంట్రుకతో సహా తేటగా పడింది. వేలాడే రెప్ప, జారిన బుగ్గ, తడి పెదవి, ఎడంపక్క ఒకే ఒక్క పుట్టుమచ్చ. పాడలేదు గనక కదల్లేదు. తాళం వేసిన చెయ్యి మాత్రం మసగ్గా, రెక్కలా ఉంది.

నిరుటి మొహం తెచ్చి అతికిద్దామనుకున్నాను! ఆ ఫోటో మొత్తంలో చెయ్యి పెట్టే అవసరం లేనిది ఆవిడ మొహమొక్కటే.

పాస్టరుగారికి పట్టుకెళ్లి చూపించాను. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశారు. "తక్కినవాళ్లని కొంచెం సరిచెయ్యగలరేమో బ్రదర్?" అన్నారు భయపడుతూ.

"సరిచేస్తే పాడవుతుందండీ," అన్నాను. గోడకి నేనే మేకు కొట్టి తగిలించాను.

ఇంట్లో రెండో కాపీ కిటికీ గట్టు మీద పెట్టాం. వదిన చూసి, "మా చెల్లెలొక్కతే మనిషిలా పడింది, తక్కినవాళ్లంతా దయ్యాల్లా ఉన్నారు," అని ఎంత మురిసిపోయిందో. రెండు పుట్టుమచ్చల ఫోటో ఏమైందని అడిగాను. "ఎప్పుడో చింపి పారేశాను. ఫ్రేము మంచిది, దాచాను," అంది.

సాయంత్రం ప్రార్థన నేనే చేశాను. కుడిపక్క కుర్చీలో కూర్చుని, కళ్లు మూసుకోకుండా, ఆవిడ మొహం చూస్తూ చేశాను. తడబడ్డాను, మధ్యలో ఆగిపోయాను, చెప్పిందే చెప్పాను. ఇన్నాళ్లు ఆవిడ మోసిన నా వాటా, ఇప్పుడు ఆవిడ వాటాతో కలిపి నేనే మోశాను. చివర ఆమెన్ దగ్గర ఆవిడ అందుకుంది.

"పద," అంది.